పిండికి బుధవారం సెలవు

జనంలో ఉత్సాహం తరిగిపోతోందని పైవారికి తెలిసిన రోజున మేము మినప్పప్పు కడుగుతున్నాం. ఆ సంగతి మాకు తెలియదు కాబట్టి కడగడం ఆపలేదు.

మేము అంటే నేనూ, మా వదిన సింహాలమ్మా. ఆవిడ మా ఆయనకు అక్క. ఆయన కాలం చేశాక ఇద్దరం కలిసి మున్సిపల్ కాంప్లెక్సులో ఏడో నంబరు గది తీసుకుని, రెండు గ్రైండర్లు పెట్టి, ఇడ్లీ పిండీ దోశ పిండీ రుబ్బి అమ్ముతున్నాం. తొమ్మిదేళ్లయింది.

మా పని ఇలా ఉంటుంది. పదకొండింటికి పప్పు నానబోస్తాం. మూడింటికి రుబ్బడం మొదలుపెడతాం. దీపాలు పెట్టే వేళకు పిండి డ్రమ్ముల్లోకి ఎత్తుతాం. తెల్లవారేసరికి అది పొంగుతుంది. ఐదింటి నుంచి టిఫిన్ బళ్లవాళ్లూ ఇళ్లవాళ్లూ వచ్చి పట్టుకుపోతారు. మధ్యలో ఒంటిగంట నుంచి మూడింటి దాకా పప్పుకి నానడం తప్ప పని లేదు. మాకూ లేదు. అప్పుడు షట్టరు సగానికి దించి, గోనెపట్టాలు పరుచుకుని పడుకుంటాం. షట్టరు సగానికి ఉందంటే మేము నిద్రలో ఉన్నామని బజారంతటికీ తెలుసు. మర్నాటి పిండికి గిన్నె తెచ్చినవాళ్లు చప్పుడు కాకుండా కింద నుంచి లోపలికి తోసి వెళ్లిపోతారు. ఎవరి గిన్నె ఏదో లేచాక మేం చూసుకుంటాం. ఈ ఏర్పాటు ఎవరూ చెప్పి చేయించింది కాదు, ఎక్కడా రాసి పెట్టిందీ కాదు.

ఆ రెండు గంటలు పడుకోకపోతే మాత్రం మూడింటికి నా చేతులు లేవవు. వదినవి అసలే లేవవు. ఆవిడకి అరవై ఎనిమిది.

ఆ తర్వాత కొన్నాళ్లకి, మళ్లీ పప్పు కడుగుతుండగా గుమ్మంలోకి వచ్చినాయన సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చంకలో ఫైళ్లు, జేబులో మూడు రంగుల పెన్నులు. తన పేరు భానోజీరావు అనీ, విశ్రాంతి తనిఖీ అధికారిననీ చెప్పాడు. అలాంటి ఉద్యోగం ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆయనకీ పదిహేను రోజుల కిందటే తెలిసిందట.

"ఔత్సాహిక పారిశ్రామికవేత్తల ఉత్సాహ పరిరక్షణ పథకం ఈ పట్టణంలో అమల్లోకి వచ్చింది" అన్నాడు ఆయన నిలబడే. "విశ్రాంతి లేకుండా పనిచేసే చిన్న పారిశ్రామికవేత్తకు నాలుగో ఏడు నుంచి ఉత్సాహం క్షీణిస్తుందని రాజధానిలో జరిగిన సదస్సులో పెద్దలు నిర్ధారించారు. మీరు స్థాపించి ఎన్నేళ్లయింది?"

"తొమ్మిదండి."

ఆయన తల ఎత్తి నన్ను పరీక్షగా చూశాడు. "అంటే మీ ఉత్సాహం ఐదేళ్ల కిందటే అయిపోయి ఉండాలి. మరి ఇన్నాళ్లూ దేనితో పని చేస్తున్నారు?"

"సేతుల్తోనండి" అంది వదిన, పప్పులోంచి చేతులు తీయకుండా.

ఆయన అది రాసుకున్నాడు.

ఇకపై ప్రతి బుధవారం పొద్దున ఆరు నుంచి గురువారం పొద్దున ఆరు దాకా పూర్తి విశ్రాంతి తీసుకోవాలనీ, అది హక్కు మాత్రమే కాక విధి కూడా అనీ, తీసుకోని వారికి కాంప్లెక్సులో గది కొనసాగదనీ చెప్పాడు. నాకు నిజంగా సంతోషం కలిగింది. తొమ్మిదేళ్లలో మేము ఒక రోజంతా పడుకున్నది లేదు. మా బోటివాళ్ల మోచేతుల గురించి రాజధానిలో ఎవరో కూర్చుని ఆలోచించారంటే గొప్ప విషయమే అనుకున్నాను. ఆయనకి మంచినీళ్లు కూడా ఇచ్చాను.

విశ్రాంతికి ముందు దరఖాస్తు పెట్టుకోవాలన్నాడు. దరఖాస్తులో నలభై ఒక్క గళ్లు ఉన్నాయి. ఏ పని నుంచి విశ్రాంతి, ఏ భంగిమలో విశ్రాంతి, గతంలో విశ్రాంతి తీసుకున్న అనుభవం ఉన్నదా, ఉంటే ఆధారాలు. నేను చదువు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని, అందుకని ఒక్క అక్షరం కూడా వదలకుండా చదువుతాను. నింపడానికి రెండు రోజులు పట్టింది. దాంతోపాటు రెండు ఫొటోలు అడిగారు. ఒకటి అలసిన స్థితిలో, ఒకటి సేదతీరిన స్థితిలో.

కాంప్లెక్సులోనే పదకొండో నంబరు గదిలో గౌస్ గారి ఫొటో స్టూడియో. ఆయన పొద్దుటి నుంచీ బజారంతటినీ అలసిన స్థితిలో తీసి తీసి ఉన్నాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. మెత్తటి కుర్చీ, వెనక ఫ్యాను. నేను అలాంటి కుర్చీలో కూర్చుని చాలా కాలమైంది.

"నూకరత్నమ్మ గారూ, మీరు నవ్వుతున్నారు" అన్నాడాయన. "ఇది అలసిన ఫొటో."

"కూర్చుంటే బాగుందండి."

"బాగుండకూడదు. ఏదన్నా కష్టం తలుచుకోండి."

తలుచుకున్నాను. అయినా కుర్చీ కుర్చీయే. చివరికి అలా నవ్వుతుండగానే తీశాడు. సేదతీరిన ఫొటోకి వచ్చేసరికి, మొహం ప్రశాంతంగా లేదని పన్నెండుసార్లు నిలబెట్టి, కూర్చోబెట్టి, తల తిప్పించి తీశాడు. పదమూడోసారికి నాకు కళ్లు తిరిగాయి. రెండు ఫొటోలూ ఆఫీసులో ఇస్తే, భానోజీరావు గారు ఒకటికి రెండుసార్లు చూసి, అలసిన చోట సేదతీరినదీ, సేదతీరిన చోట అలసినదీ అంటించాడు. దస్త్రం సరిగ్గా ఉందన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి మా షట్టరు మీద పెన్నుతో కొట్టిన చప్పుడైంది. ఆ బజారులో ఆ వేళప్పుడు మా షట్టరు మీద ఎవరూ కొట్టరు. వదిన లేచి కూర్చుంది. భానోజీరావు గారు నడుం వంచి షట్టరు కింద నుంచి లోపలికి చూస్తున్నాడు.

"నిద్రపోతున్నారా?"

"ఇందాకటి దాకానండి" అంది వదిన. "తవరొచ్చి లేపేసేరు కదా."

"ఈ రోజు శుక్రవారం."

"అవునండి."

"విశ్రాంతి బుధవారం కదమ్మా."

నేను మా అలవాటు సంగతి చెప్పాను. పప్పు నానే వేళ కాబట్టి పనికి అడ్డం రాదని కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆయన మంచివాడే. విన్నాక ఇలా అన్నాడు: "విశ్రాంతి ఇప్పుడు పథకం పరిధిలోకి వచ్చింది. పరిధికి బయట తీసుకునే విశ్రాంతి అనధికారికం. మీరు శుక్రవారమే సేదతీరిపోతే, బుధవారం తీరవలసిన సేద ఎక్కడి నుంచి తేవాలి? పథకం పని చేయడం లేదని లెక్కల్లో తేలదా?"

మొదటి నోటీసు అక్కడే రాసిచ్చాడు. మూడు నోటీసులైతే గది రద్దు.

అప్పటి నుంచి ఒంటిగంట నుంచి మూడింటి దాకా షట్టరు పూర్తిగా ఎత్తి, ఇద్దరం నిటారుగా కూర్చునేవాళ్లం. వదిన తల ముందుకు వాలితే నేను మోచేత్తో పొడిచేదాన్ని. నాది వాలితే ఆవిడ పొడిచేది. గిన్నెలు తెచ్చినవాళ్లు అలవాటు కొద్దీ వంగి వచ్చి, మా కళ్లు తెరిచి ఉండటం చూసి భయపడి, గిన్నె పెట్టి వెళ్లిపోయేవారు.

"బుధోరం రానీ" అనేది వదిన. "బుధోరం నన్ను లేపినోడి పని సెప్తాను."

బుధవారం వచ్చింది. గురువారం పొద్దుటి పిండి బుధవారం రుబ్బడానికి లేదు కాబట్టి మంగళవారం సాయంత్రమే రుబ్బి, తాళం వేసి ఇంటికి వెళ్లాం. మా ఇల్లు కాంప్లెక్సు వెనక వీధిలోనే. పొద్దున ఎనిమిదింటికి తలుపు చప్పుడైంది. భానోజీరావు గారు.

"పడుకున్నారా?"

"పడుకున్నామండి."

"పడుకున్నట్టు సంతకం చేయండి."

చేశాను. వదిన వేలిముద్ర వేసింది. పదింటికి మళ్లీ వచ్చాడు, పన్నెండింటికి వచ్చాడు. విశ్రాంతి నిరంతరాయంగా సాగుతున్నదీ లేనిదీ రెండు గంటలకోసారి చూడాలట. ప్రతిసారీ మమ్మల్ని లేపి, నిద్రకు అంతరాయం కలగడం లేదని సంతకం తీసుకున్నాడు. ఆయన పరిధిలో మూడు వందల నలభై దుకాణాలు ఉన్నాయి. రెండింటికి వచ్చినప్పుడు ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. అయితే ఈసారి సంతకం అడగలేదు.

"మీ గదిలో పని జరుగుతోంది" అన్నాడు.

"ఎవరండీ చేసేది? తాళం నా కొంగుకే ఉంది."

"నేను స్వయంగా విన్నాను. రండి."

వెళ్లి తాళం తీశాం. మొదటి డ్రమ్ము మూత కింద పడి ఉంది. ఆయన విన్న చప్పుడు అదే. రెండో డ్రమ్ములో పిండి మూతను కొద్ది కొద్దిగా పైకి లేపుతోంది. మేం చూస్తుండగానే ఒక బుడగ వచ్చి పగిలింది.

"ఇది ఏమిటి?"

"పిండి పొంగుతోందండి."

"ఎవరి కోసం పొంగుతోంది?"

"రేపటి బేరానికండి."

"అంటే ఉత్పత్తి." ఆయన గొంతులో బాధ వినిపించింది. "పారిశ్రామికవేత్త విశ్రాంతిలో ఉండగా సంస్థ ఆవరణలో ఉత్పత్తి సాగుతోంది. దీన్ని ఆపండి."

"అది మా మాట ఇనదండి బాబూ" అంది వదిన. "తవరు సదువుకున్నోరు. తవరే సెప్పండి దానికి."

ఆయన రెండో నోటీసు రాశాడు. తర్వాత వదిన సలహా ఆయనకు సబబుగా తోచినట్టుంది. ఆ పై మంగళవారం ఆఫీసు నుంచి రెండు కాగితాలు తెచ్చి, రెండు డ్రమ్ముల మూతలకూ అంటించాడు. నేను అక్షరం వదలకుండా చదివాను. 'సదరు పిండి బుధవారం ఉదయం ఆరు గంటల నుంచి గురువారం ఉదయం ఆరు గంటల వరకు పొంగరాదు. అతిక్రమించిన యెడల తగు చర్య తీసుకొనబడును.' కింద ఆఫీసు ముద్ర ఉంది.

ఎండలు ముదిరిన రోజులవి. బుధవారం పది గంటలకల్లా పిండి కాగితంతో సహా మూతను నేల మీదికి తోసేసింది. ముద్ర కూడా తడిసింది. ప్రభుత్వ ముద్రను తడపడం వేరే నేరమని భానోజీరావు గారు మాతో చెప్పి, దాన్ని మాత్రం రాయకుండా వదిలేశాడు. మూడో నోటీసు రాశాడు. గది ఎందుకు రద్దు చేయకూడదో వచ్చే సోమవారం ఆఫీసుకొచ్చి చెప్పుకోవాలి.

ఆ గురువారం పిండి ఎంత పులిసిందంటే, టిఫిన్ బండి కన్నబాబు మూత తీసి వెనక్కి జరిగాడు. "అక్కా, ఇది ఇడ్లీ అవదు. పుల్లట్లని బోర్డెట్టుకోవాలి" అన్నాడు. పెట్టుకున్నాడు కూడా. కానీ రోజూ పుల్లట్లు ఎవరు తింటారు. పక్క బజారులో ప్యాకెట్ల పిండి తీసుకుంటానని మెల్లగా చెప్పి వెళ్లాడు. అతని వెనకే ఇంకో ఇద్దరు వెళ్లారు.

ఆ రోజు వదిన మినప్పప్పులో రాళ్లు ఏరుతూ ఏరుతూ పళ్లెం మీదికే ఒరిగిపోయింది. నేను పొడవలేదు. పొడవబుద్ధి కాలేదు. కాసేపటికి ఆవిడే లేచి, నుదుటికి అంటుకున్న పప్పులు దులుపుకుంటూ, "రత్నం, గదిచ్చేద్దామే" అంది. "ఎక్కడికన్నా పోయి ఇంత పడుకుందాం."

నేను పళ్లెం ఇటు లాక్కుని మిగిలిన రాళ్లు ఏరాను. ఈ గది పోతే మేమిద్దరం పడుకోవడానికి చోటు ఉంటుంది గానీ, లేచి చేసేందుకు ఏమీ ఉండదు.

సోమవారం ఆఫీసుకి వెళ్లాం. పాత విత్తనాల గోదాము పైన రెండు గదులు. మేం వెళ్లేసరికి అక్కడ చిన్న సన్మానం జరుగుతోంది. పథకం పెట్టాక పట్టణంలో ఒక్క అతిక్రమణా లేని ఔత్సాహిక పారిశ్రామికవేత్తగా బంగారయ్య గారిని ఎంపిక చేశారు. ఆయన సోడా కొట్టు మూసేసి ఆరేళ్లయింది. మెడలో దండ, భుజాన శాలువా వేశారు. రెండు మాటలు మాట్లాడమంటే, తనకు పని చేయాలని అప్పుడప్పుడూ అనిపిస్తుందనీ, అయితే కొట్టు లేకపోవడం వల్ల నిగ్రహించుకోగలుగుతున్నాననీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సహాయ సంచాలకులు రాజరాజేశ్వరి గారు బల్ల మీది పూలు తీయించి, మా ఫైలు తెప్పించుకున్నారు. పిండి గురించి సాంకేతిక అభిప్రాయం కావాలని కాలేజీ నుంచి జీవశాస్త్రం లెక్చరర్ శేషఫణి గారిని పిలిపించారు. ఆయన మా పిండి ఒక చిన్న సీసాలో పట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు.

"మీ పిండి వరుసగా రెండు బుధవారాలు పొంగింది" అన్నారు సహాయ సంచాలకులు. "దాన్ని పనిలోకి తీసుకునే ముందు వారానికో రోజు విశ్రాంతి ఉంటుందని తెలియజేశారా?"

"పిండికాండీ?"

"సంబంధితులకు."

శేషఫణి గారు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, నిజానికి పొంగేది పిండి కాదు. అందులో ఉండే సూక్ష్మజీవులు పనిచేస్తాయి. అవి పిండిలో ఉన్నది తిని, గాలి వదులుతాయి. ఆ గాలికి పిండి లేస్తుంది."

"తింటాయా?"

"తింటాయి."

"పని వేళల్లో భోజన సౌకర్యం కల్పిస్తున్నారు" అన్నారావిడ. "రాసుకోండి." భానోజీరావు గారు రాసుకున్నాడు. "ఎంతమంది ఉంటారు?"

"చెంచాడు పిండిలో కొన్ని కోట్లు ఉంటాయి మేడమ్."

బంగారయ్య గారు శాలువా సర్దుకున్నాడు.

"స్త్రీలెంతమంది?"

"వాటిలో ఆ తేడా ఉండదండి."

"సమానత్వం పాటిస్తున్నారు. రాసుకోండి. కొత్తవారిని ఎలా తీసుకుంటారు?"

"తీసుకోనక్కర్లేదు మేడమ్. గంటకో గంటన్నరకో ఒక్కొక్కటీ రెండవుతుంది. ఆ రెండూ నాలుగవుతాయి."

సహాయ సంచాలకులు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. నా వైపు చూసిన చూపులో మొదటిసారి గౌరవం కనిపించింది. మా చీరల వైపు కూడా ఒకసారి చూసి, దాన్ని నిరాడంబరత కింద సరిపెట్టుకున్నట్టున్నారు.

"భానోజీరావు గారూ" అన్నారు, "ఎంతమంది దాకా చిన్న పరిశ్రమ?"

"యాభై మంది మేడమ్."

"మరి ఇన్ని కోట్లమందికి ఉపాధి కల్పిస్తున్న సంస్థను చిన్న పరిశ్రమల పథకంలో ఎలా చేర్చారు?"

భానోజీరావు గారు లేచి నిలబడ్డాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "తలుపులోంచి చూస్తే ఇద్దరే కనిపించారు మేడమ్."

"మీరు పైపైన చూశారు."

ఉత్తర్వు టైపు చేయించడానికి గంట పట్టింది. నా చేతికిచ్చారు. చదువుకుంటానండీ అన్నాను. అందరూ కూర్చున్నారు. నేను వేలు పెట్టుకుని మొదటి నుంచి చదివాను. సదరు పిండి సంస్థ పెద్ద పరిశ్రమ అనీ, పెద్ద పరిశ్రమల్లో ఉత్సాహం ఉన్నట్టు సదస్సుకు ఆధారాలేవీ దొరకనందున అక్కడ పరిరక్షించవలసినది ఏదీ లేదనీ, కాబట్టి విశ్రాంతి నిబంధన ఈ సంస్థకు వర్తించదనీ, పరిధి లేకుండా ఇచ్చిన మూడు నోటీసులూ ఇవ్వనట్టే భావించాలనీ ఉంది. ఇకపై మా ఫైలు రాజధానిలో వేరే విభాగం చూసుకుంటుంది.

"గది ఉంటుందాండీ?" అని అడిగాను.

"అంత పెద్ద పరిశ్రమను ఏడో నంబరు గదిలోంచి తరలించడం మా వల్ల అయ్యే పని కాదు."

"మధ్యాహ్నం పడుకోవచ్చాండీ?"

ఆవిడ కొంచెం నొచ్చుకున్నారు. "పెద్ద పరిశ్రమల అధిపతులు మధ్యాహ్నం పూట ఏం చేస్తారో ప్రభుత్వం అడగదమ్మా."

మెట్లు దిగుతూ వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఇంతకీ ఏటంటారే ఆళ్లు?"

"పడుకోమంటున్నారు వదినా."

"ఆ మాట ముందే సెప్పొచ్చు కదా" అంది.

మర్నాడు పదకొండింటికి పప్పు నానబోశాం. ఒంటిగంటకి షట్టరు సగానికి దించాను. వదిన గోనెపట్టా మీద వాలీ వాలకముందే గురక మొదలుపెట్టింది. నేను కళ్లు మూసుకోబోతుంటే బయట మెట్టు మీద ఎవరో కూర్చున్న అలికిడైంది. వంగి చూశాను. భానోజీరావు గారు. ఒళ్లో ఒక లావుపాటి రిజిస్టరు.

"ఏమండీ, మళ్లీ ఏమైనా వచ్చిందా?"

"లేదమ్మా. మీ సంస్థను మా పరిధి నుంచి తప్పిస్తున్నట్టు ఆఖరి తనిఖీ రాయాలి. మిమ్మల్ని లేపను. మీరు లేచేదాకా కూర్చుంటాను." ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. "మీరు పడుకోండి. నిజంగానే అంటున్నాను."

"మీరు సెలవు పెట్టుకోకూడదా?"

"నాలుగుసార్లు పెట్టాను. విశ్రాంతి అధికారి విశ్రాంతి తీసుకుంటే విశ్రాంతి ఆగిపోతుందని తిప్పి పంపారు." రిజిస్టరు తెరిచి పెన్ను తీశాడు. తర్వాత తనలో తనే అన్నట్టు అన్నాడు: "ఈ ఉద్యోగం వచ్చినప్పుడు మా ఆవిడ దేవుడికి దండం పెట్టిందండి. సుఖమైన ఉద్యోగం అని."

ఆ మాట పూర్తవుతూనే ఆయన తల పక్కకు వాలి షట్టరు కడ్డీకి ఆనింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. పెన్ను చేతిలోంచి జారి మెట్టు మీద పడింది. మడిచిన గోనెపట్టా ఒకటి తెచ్చి, తలకీ కడ్డీకీ మధ్య మెల్లగా దోపాను. ఆయన లేవలేదు. బజారులో పోతున్నవాళ్లు షట్టరునీ ఆయన్నీ చూసి, అడుగులు నెమ్మదిగా వేసుకుంటూ వెళ్లారు.

రిజిస్టరు ఆయన ఒళ్లో తెరిచే ఉంది. మా సంస్థ పేరుకి ఎదురుగా ఒకే ఒక్క గడి ఖాళీ ఉంది. 'తనిఖీ సమయంలో గమనించిన స్థితి.' అది నింపకపోతే ఆయన రేపు మళ్లీ రావలసి ఉంటుంది. నేను పెన్ను తీసుకున్నాను. గడి చిన్నది, నా అక్షరాలు పెద్దవి, అయినా మెల్లగా పట్టించాను.

'పప్పు నానుతోంది. మిగతా అందరం పడుకున్నాం. లేపవద్దు.'

కింద సంతకం చేసి, పెన్ను ఆయన జేబులో పెట్టి, లోపలికి వచ్చి పడుకున్నాను.